చెరిసగం మాత్రలు

నాకు ఫిట్ వచ్చే ముందు ఎవరో వచ్చి ఎడమ భుజం వెనక నిలబడతారు. తిరిగి చూస్తే ఉండరు. ఉండరని తెలిసి కూడా తిరుగుతాను, ఆ తిరగడంలోనే పడిపోతాను. డాక్టర్లు దానికి ఇంగ్లిషులో ఓ పొట్టి పేరు పెట్టారు. మెదడులో ఫలానా మూల కరెంటు దారి తప్పుతుందని, అదే మనకి మనిషిలా అనిపిస్తుందని కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు. బాగానే ఉంది. కానీ కరెంటు ఊపిరి తీసుకోదు. నా వెనక నిలబడేది తీసుకుంటుంది.

కొందరికి ఫిట్ ముందు ఏదో వాసన వస్తుందట. నాది ఆ రకం కాకపోవడం ఒకందుకు మంచిదే. మేముండేది మల్కాపురంలో. రిఫైనరీ గాలి ఇటు తిరిగిందంటే వీధి వీధంతటికీ వాసన వస్తుంది. అందులో జబ్బు ఏదో, రిఫైనరీ ఏదో ఎక్కడ తేల్చుకుంటాను?

ఇదివరకు నేనో ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఒకరోజు పాఠం మధ్యలో పడిపోయాను. లేచేసరికి బెంచీలన్నీ గోడవారకి జరిపి ఉన్నాయి, పిల్లలందరూ గుమ్మం అవతల గుంపుగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఎప్పుడూ నవ్వే పిల్ల ఒకతి నన్ను చూసి ఏడుస్తోంది. "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి మేడమ్" అన్నారు బడి వాళ్ళు. వాళ్ళ కొన్నాళ్ళు ఇంకా పూర్తవలేదు. ఇప్పుడు కంచరపాలెంలో ఓ ప్రెస్సు వాళ్ళు శుభలేఖలు వాట్సాప్‌లో పంపిస్తే ఇంట్లో కూర్చుని తప్పులు దిద్దుతాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముహూర్తాలన్నీ నాకు తెలుసు. ఎవరూ భోజనానికి పిలవరు. ఫిట్స్ తగ్గితే మళ్ళీ బడిలోకి వెళ్ళాలన్నది ఒక్కటే నా కోరిక, అది పైకి అనడం కూడా మానేశాను.

మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. షిఫ్టు డ్యూటీలు. అందుకని ఆసుపత్రికి నాతో వచ్చేది ఎప్పుడూ మా అత్తే. శ్రీకాకుళం వైపు వ్యవసాయం ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. నేను పడిపోతే నా గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టి మూసేది. ఇనుము తగిలితే ఫిట్ ఆగుతుందని ఆవిడ నమ్మకం. దానివల్ల ఏమీ అవదమ్మా, పక్కకి తిప్పి పడుకోబెట్టు చాలు అని డాక్టరు చెప్తే, "ఏటీ అవ్వకపోతే పోయిందేటి బాబూ, తాళాలే కదా" అంది. పక్కకి తిప్పడం నేర్చుకుంది, తాళాలూ మానలేదు. మెలకువ వచ్చేసరికి నా అరచేతిలో బీరువా తాళం అచ్చు పడి ఉండేది.

అప్పటికి మూడు రకాల మాత్రలు మింగుతున్నాను. ఫిట్స్ వాటి మాట వినలేదు. "మొండిది" అనేవాడు డాక్టరు. జబ్బుని అంటున్నాడో నన్ను అంటున్నాడో తెలిసేది కాదు. ఆయనే ఒకరోజు ట్రయల్ గురించి చెప్పాడు. పాత మందులు ఆపరు. వాటికి తోడుగా కొత్త మాత్ర ఒకటి ఇస్తారు. ఏ మందుకీ లొంగని పెద్దవాళ్ళలో అది ఎంతవరకు పనిచేస్తుందో చూస్తారు. అందులో కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది పడిందో మాకు చెప్పరు, డాక్టరుకీ తెలియదు, సీసాలు చేతికిచ్చే అమ్మాయికీ తెలియదు. సీసా మీద నంబరు ఒక్కటే ఉంటుంది. అంతా అయిపోయాక విప్పి చూసుకుంటారు.

మేం ఇష్టపడే చేరుతున్నామని వీడియో తీశారు. ఆ వీడియో కోసం మా అత్త పెట్టెలో ఉన్న పట్టుచీర తీసింది. జబ్బు నాదైనా కెమెరాకి ఎదురుగా తనే కూర్చుంది. డాక్టరు అంతా వివరించి ఏమైనా అడగాలా అంటే, "ఒకలకి మందిచ్చి ఒకలకి ఉత్తిదిచ్చి, అదేటి నాయం బాబూ?" అని అడిగింది. ఉత్తి మాత్ర వాళ్ళతో పోల్చి చూస్తేనే మందు గుణం తెలుస్తుందని, పాత మందులు ఇద్దరికీ నడుస్తూనే ఉంటాయని ఆయన ఓపిగ్గా చెప్పాడు. అత్త తల ఊపింది. ఆవిడ తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు, ఇంక మాట్లాడదలచుకోలేదని. అది డాక్టరుకి తెలియదు. నాకు తెలుసు, కానీ ఇంటికి పోయే తొందరలో ఉన్నాను.

ఆసుపత్రి వరండాలో యారాడ వాళ్ళు పరిచయమయ్యారు. తల్లీ కొడుకూ. కొడుక్కి పాతికేళ్ళు ఉంటాయేమో, తలుపు చట్రానికి తల తగిలేంత పొడుగు. అతనూ మా ట్రయల్లోనే ఉన్నాడు. తండ్రి లేడు. మేనమామ బోటు ఉంది. ఫిట్స్ వల్ల బోటు ఎక్కనివ్వరు. ఒడ్డున కూర్చుని వలలకి చిరుగులు అల్లుతాడు. ఈడు పిల్లలందరూ వేటకి వెళ్ళిపోతే ముసలివాళ్ళతో కలిసి ఒడ్డున మిగిలిపోవడం తనకి చచ్చేంత చిన్నతనమని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పినా నాకు బడి గుర్తొచ్చింది.

వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. మా అత్తా ఆవిడా మొదటిరోజే అప్పా, చెల్లీ అయిపోయారు. తిరుగు బస్సు మల్కాపురం మీదుగానే యారాడ కొండెక్కుతుంది గనక ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళు మాతోపాటు మా స్టాపులో దిగి, టీ తాగి తర్వాత బస్సుకి వెళ్ళేవాళ్ళు. నేను బస్సు కుదుపులకి అలిసిపోయి లోపల గదిలో పడుకునేదాన్ని. వంటింట్లోంచి వాళ్ళిద్దరి గొంతులూ వినపడేవి. ఆ కుర్రాడు వీధి అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాడు.

ఒకసారి వరండాలో మా నంబరు పిలిచేదాకా ఖాళీగా కూర్చుని ఉంటే అడిగాడు.

"టీచరమ్మా, మీకు వచ్చీ ముందు ఏటవుతాది?"

ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"నాకు బోటు ఇంజను స్టార్టయినట్టు ఇనిపిస్తాది. బయట కాదు, ఇదిగో ఇక్కడ" అని చెవి వెనక వేలు పెట్టి చూపించాడు. "మంచి ఇంజనే టీచరమ్మా. ఎక్కీమన్నట్టుంటాది."

కాసేపాగి, "మీ ఎనకాల నిలబడీవోడు ఈసారి వత్తే అడగండి, ఏటి కావాలని" అన్నాడు. ఇప్పుడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ నా భయాన్ని ఇంత తేలిగ్గా మాట్లాడిన వాళ్ళు ఎవరూ లేరు.

కొత్త మాత్ర మొదలుపెట్టాక నాకు ఫిట్స్ తగ్గాయి. పూర్తిగా కాదు. ఇదివరకు విరుచుకుపడేవి ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చి పోతున్నాయి. అతనికీ తగ్గాయని వాళ్ళమ్మ చెప్పింది. వరండాలో మా రెండు కుటుంబాలకీ పండగలా ఉండేది. ఇద్దరికీ అసలు మందే పడి ఉంటుందని నేను పందెం కాశాను. అత్తా, యారాడావిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు. వాళ్ళు మురిసిపోతుంటే నేనూ మురిసిపోయాను. దానికి వేరే కారణం ఉందని నాకేం తెలుసు?

సముద్రం మీదికి, ఎత్తు మీదికి వెళ్ళకూడదని డాక్టరు ప్రతిసారీ చెప్తూనే ఉన్నాడు. ట్రయల్ చివరికొస్తుండగా, ఫిట్ అన్నది రాకుండా కొన్ని వారాలు గడిచాక ఆ కుర్రాడు తల్లిని బతిమాలడం మొదలుపెట్టాడు. మేనమామ సరే అన్నాడు. దగ్గర్లోనే తిరిగి వచ్చేస్తాం అన్నాడు. తల్లి వద్దనలేకపోయింది. మందు పనిచేస్తోందిగా.

ఆ రోజు సముద్రం నిమ్మళంగానే ఉందట. వల లాగుతున్నారు. పరామర్శకి వెళ్ళినప్పుడు మేనమామ మా ఆయనకి చెప్తుంటే విన్నాను.

"ఇంజను ఆపీసే ఉంది బావా. ఆడు మాత్రం వల ఒగ్గీసి, ఏదో ఇనిపించినట్టు తల పక్కకి పెట్టినాడు. ఏట్రా అన్నాను. నాకేసి సూసి నవ్వినాడు. నవ్వతానే ఎనక్కి ఎల్లిపోనాడు."

వెంటనే దూకారు. పైకి తీశారు. లాభం లేకపోయింది.

యారాడలో సముద్రం ఒడ్డు చాలా అందంగా ఉంటుందంటారు. ఊళ్ళోవాళ్ళు ఆదివారాలు వెళ్ళి ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత నేను అటు వెళ్ళలేకపోయాను. పరామర్శకి వెళ్ళిన రోజు వాళ్ళింట్లో తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. మా అత్త లోపలికే రాలేదు. అందరి చావులకీ వెళ్ళి ముందు వరసలో కూర్చుని శోకాలు పెట్టే మనిషి, వీధిలో పడేసిన పాత పడవ నీడన నిలబడిపోయింది. నాకు కోపం వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో గట్టిగానే అడిగేశాను, ఆవిడ మిమ్మల్ని అప్పా అని పిలుస్తుంది, ఒక్కమాట పలకరించడానికి ఏమొచ్చింది అని. అత్త పమిట చెంగు తల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ఆవిడలో మార్పు వచ్చింది. చేపలు వండడం మానేసింది. అడిగితే ఉపవాసం అంది. వారమంతా ఉపవాసం ఏమిటో నాకు అర్థం కాలేదు. ట్రయల్ ముగిశాక మాత్రం రోజూ నా వెంటపడేది. "నీకేది పడిందో ఎప్పుడు సెప్తారే?" అని. అంతకుముందు ఎన్నడూ అంత ఆరాటం లేదు. చెప్తారులే, తొందరేమొచ్చింది అనేదాన్ని. ప్రెస్సు వాళ్ళ ఫోనులా ఆవిడ ప్రశ్న కూడా పొద్దున్నే మొదలయ్యేది.

చివరికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు మా ఆయనకి సెలవు. ఇద్దరం వెళ్ళాం. మందు కౌంటరు దగ్గర వరస ఉందని ఆయన అక్కడ నిలబడ్డాడు, నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. డాక్టరు ఎప్పటిలా నవ్వుతూ పలకరించలేదు.

"ట్రయల్ జరుగుతున్నప్పుడు బయట ఇంకేమైనా మందు వాడారా?" అని అడిగాడు.

లేదన్నాను.

"బాగా గుర్తు తెచ్చుకోండి. మీ సీసాలో ఉన్నది ఉత్తి మాత్ర. మొదటి నుంచీ అదే. కానీ మీ రక్తంలో అసలు మందు కనిపించింది. తక్కువే, కానీ ఉంది."

నాకు ఒళ్ళు మండింది. నన్ను దొంగలా అడుగుతున్నాడనిపించింది. ల్యాబు వాళ్ళే తారుమారు చేసి ఉంటారు అన్నాను. ప్రతిసారీ తీసిన రక్తంలోనూ అంతే ఉందన్నాడు. ఇంట్లో అడిగి రమ్మన్నాడు. బయటికి వచ్చాక మా ఆయనకి ఏమీ చెప్పలేదు, ఇంకో పరీక్ష ఉందన్నాను. బస్సులో ఆయన నిద్రపోయాడు. నేను ఆలోచిస్తూనే ఉన్నాను. అన్నంలో ఎవరైనా ఏదైనా కలిపారేమోనన్న దాకా వెళ్ళింది నా ఆలోచన.

ఇంటికొచ్చి, ఆయన స్నానానికి వెళ్ళాక, వంటింట్లో అత్తని నేరుగానే అడిగాను. నాకు ఏదైనా మందు పెట్టారా అని. చేతిలో గరిటె కింద పెట్టేసింది. ఎన్నాళ్ళ నుంచో ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు చెప్పేసింది.

"నానూ, యారాడ సెల్లీ కలిపీసినామే."

"ఏం కలిపేశారు?"

"మాత్రలు. నీయీ, ఆడియీ. ఆసుపత్రి నుంచి వచ్చినపుడల్లా రెండు సీసాలూ పళ్ళెంలో పోసీసి, బాగా కలిపీసి, సెరిసగం పంచుకున్నాం."

నేను పక్కగదిలో పడుకుని వాళ్ళ మాటలు వింటున్నప్పుడే. ఆ కుర్రాడు అరుగు మీద కూర్చున్నప్పుడే.

"ఒకలకి మందు పడి ఒకలకి పడకపోతే ఎలాగే?" అంది అత్త. "ఆ సెల్లే సెప్పింది. మా కాడ వలలో ఏటి పడినా వాటాలేసుకుంతాం అప్పా, వలకో వాటా, బోటుకో వాటా, ఎల్లినోడికో వాటా, జరమొచ్చి ఇంట్లో ఉండిపోనోడికి కూడా ఓ పిడికెడు పంపుతాం. అలాగ సేసుకుంతే ఇద్దరు పిల్లలకీ తలో సగం అయినా తగులుతాది కదా అంది. నాకు నాయమే అనిపించింది. సగం జబ్బయినా తగ్గుతాది కదా అనుకున్నాను."

గదమాయించాలనుకున్నాను. ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అని అరవాలనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే ఆ మాట రాలేదు. చూడు, ఎంత బుద్ధిగా చేసిన తప్పో. ఎవరికీ ఎక్కువ రాకుండా, ఎవరికీ తక్కువ పోకుండా, ఒక్కొక్క మాత్రా లెక్కపెట్టి మరీ చేశారు.

"మరి నీది ఏటన్నారే?" అంది. "ఆ గుంటడిది నిజం మందేనంట. ఆల్లమ్మకి ఫోన్ సేసి సెప్పినారు. అప్పుట్నించీ అది రోజూ అడుగుతంది నన్ను, అప్పా మీదేటన్నారు, మీదేటన్నారు అని. నీదీ నిజం మందైతే ఏటీ పరవాలేదు. అందులోది ఇందులో ఏసినా అదే మందు. ఆడు నిండుగా తిన్నట్టే. నీది ఉత్తిదైతే మాత్రం..."

ఆపైన అనలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉత్తిదైతే మాత్రం, ఆ కుర్రాడికి అందవలసిన మందులో సగం నేను మింగాను. నా ఫిట్స్ తగ్గింది అతని మందుతోటి. అతనికి దక్కింది సగం. ఆ సగం అతన్ని బోటు ఎక్కించడానికి సరిపోయింది, బోటు మీద నిలబెట్టడానికి సరిపోలేదు. ఇది తెలుసుకోవడానికి నాకు ఆవిడ మాట పూర్తి చేసేంత సమయం కూడా పట్టలేదు.

"నాదీ అసలు మందే అత్తా" అన్నాను.

అబద్ధం ఆడుతున్నానని అప్పుడు అనిపించలేదు. కిందపడబోయే గిన్నెని పట్టుకున్నట్టు చెయ్యి దానంతటదే వెళ్ళింది. అత్త నన్ను గట్టిగా పట్టుకుని భోరుమంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. స్నానాల గదిలోంచి మా ఆయన ఏమైందని కేకేశాడు. ఏం లేదన్నాను. అత్త ఫోన్ తీసి యారాడకి చేసింది. "సెల్లీ, మనదీ నిజం మందేనంట. ఇద్దరిదీ నిజం మందే. మనం ఏటీ పాడుసెయ్యలేదే తల్లీ" అంటోంది. అటువైపు ఏం మాట్లాడుతున్నారో నాకు వినపడలేదు. అత్త ఫోన్ చెవికి పెట్టుకుని ఊరికే కన్నీళ్ళు తుడుచుకుంటోంది.

డాక్టరుకి మాత్రం నిజం చెప్పాను. అది చెప్పకపోతే రేపు ఈ మందు మింగే వాళ్ళందరి లెక్కా తప్పవుతుంది. తప్పులు దిద్ది బతికేదాన్ని, ఆ మాత్రం తెలుసు. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ముందు కోప్పడ్డాడు. ఆ తర్వాత కోపం పోయి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. మా ఇద్దరి లెక్కా పక్కన పెట్టాల్సి వస్తుందన్నాడు.

"పూర్తిగా మందు వేసుకున్నవాళ్ళకీ ఫిట్స్ వచ్చాయమ్మా. సగం వేసుకోవడం వల్లే అతనికి అలా అయిందని ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

"దానివల్ల కాదని చెప్పగలరా?"

"చెప్పలేను."

ఆ మాటకి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నా సంగతి ఆ తల్లికి చెప్పవద్దని అడిగాను. ఒకరి వివరం ఇంకొకరికి మేం ఎప్పుడూ చెప్పం అన్నాడు. వచ్చేటప్పుడు నాకు కొత్త సీసా ఇచ్చారు. ట్రయల్ అయిపోయింది గనక ఈసారి అందరికీ అసలు మందే.

ఇప్పుడు నాకు ఫిట్స్ రావడం లేదు. ఇలా ఉంటే వచ్చే ఏడు బడికి అడగవచ్చని డాక్టరు అంటున్నాడు. మా ఆయన సంతోషం పట్టలేక స్వీట్లు తెచ్చాడు. నేను కూడా తిన్నాను. కానీ నా వెనక నిలబడే మనిషి మాత్రం పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా వస్తాడు. ఇదివరకు వస్తే పడిపోయేదాన్ని, ఇప్పుడు పడను, అంతే. గిన్నెలు తోముతూనో, శుభలేఖ దిద్దుతూనో ఉంటాను, వెనక ఊపిరి వినపడుతుంది. ఇప్పుడా ఊపిరి కొంచెం పైనుంచి వస్తోంది, పొడుగాటి మనిషిది వచ్చినట్టు. ఇది నా మెదడు నాతో ఆడుతున్న ఆట అని తెలుసు. చదువుకున్నదాన్ని, దయ్యాలని నమ్మను. నమ్మకపోయినా భయం వేస్తుంది. భయం కంటే ఎక్కువ సిగ్గు వేస్తుంది. ఒకసారి ధైర్యం చేసి, తిరక్కుండానే, "ఏం కావాలి?" అని అడిగాను. జవాబు రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

మొన్న పొద్దున్న తలుపు దగ్గర యారాడావిడ గొంతు వినపడింది. కొడుకు పోయాక మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మళ్ళీ చేపలమ్మడం మొదలుపెట్టిందట. మనిషి సగమైపోయింది. అత్త రైతుబజారుకి వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే. తట్ట దించి అరుగు మీద పెట్టుకుని, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు, పక్కన పెట్టుకుంది.

"టీచరమ్మా, అప్ప సెప్పింది నిజమేనా? నీదీ నిజం మందేనా?"

"నిజమే" అన్నాను.

"నా మొకం సూసి సెప్పు."

చూసి చెప్పాను.

ఆవిడ తల ఊపింది.

"ఐతే మా గుంటడు నిండుగానే తిన్నాడన్నమాట. నానేటీ తగ్గించలేదన్నమాట. సముద్రం అట్టుకుపోయింది, అంతే. సముద్రానికి నానేటి సెప్తాను?" అంది. నడుం దగ్గర దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి విప్పింది. అందులో తెల్లటి మాత్రలు ఉన్నాయి. "సీసా ఆసుపత్రోల్లు అట్టుకుపోనారు. ఇయ్యి స్టీలు డబ్బాలో ఉండిపోనాయి. ఆడి వాటావి. పారీబుద్ది కాలేదు. ఆడి మందూ నీ మందూ ఒకటే కదమ్మా. నువ్వేసుకో. నువ్వు బాగుంతే ఆడు తిన్నట్టే."

నేను చెయ్యి చాపలేదు. ఆవిడే నా చెయ్యి లాక్కుని అరచేతిలో పోసింది. వాటిలో అతనివేవో నావేవో, అసలువేవో ఉత్తివేవో ఇక ఏ డాక్టరూ చెప్పలేడు. తర్వాత వేసుకుంటాలే అన్నాను.

"ఒక్కటి నా ముందు ఏసుకోమ్మా. సూసి ఎల్లిపోతాను."

తను తాగకుండా పక్కన పెట్టిన నీళ్ళగ్లాసు నాకు అందించింది. ఒక మాత్ర నాలిక మీద పెట్టుకున్నాను. ఒక్క గుక్కకి దిగలేదు. రెండు గుక్కలు తాగి, కళ్ళు గట్టిగా మూసుకుని, తల వెనక్కి విరిచి మింగాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నా గొంతు వైపే చూస్తోంది.

"మావోడూ అచ్చం ఇలాగే పెట్టీవోడు మొకం, మింగీటప్పుడు" అంది.

తట్ట నెత్తికి ఎత్తమంది. ఎత్తాను.